బావ గిన్నె

మొన్న గద్వాల దవాఖానలో డాక్టరమ్మ నా కాగితాలు తిరగేసి, ఇకనుంచి తీపి మానేయాలి, ఉప్పు కూడా బాగా తగ్గించాలి అని ఒకే ఊపిరిలో చెప్పేసరికి నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నారని ఆమె అడిగితే ఏం చెప్పను? నా నడివయసునంతా ఏలిన దొరలు ఆ ఇద్దరేనమ్మా అని చెప్పాలా? మందుల చీటీ జేబులో పెట్టుకుని బస్టాండు దారిన వస్తుంటే, ఒక కిరాణా కొట్టు ముందు తోరణాల్లా వేలాడుతున్న మెరుపు పొట్లాలు కంటబడ్డాయి. బెల్లం పాకం పట్టిన పల్లీలు, పైన ఉప్పూ కారమూ. బడి వదిలిన పిల్లలు సైతం చేయి చాచి తెంపుకుని పోతున్నారు. నేను మాత్రం ఆ నీడలోనే కాసేపు నిలబడిపోయాను. నా ఈడు వాళ్లకు చెబితే అర్థమవుతుంది గానీ, మా కాలంలో ఆ పల్లీలు అట్లా విడిగా దొరికేవి కావు. గ్లాసు వెంట వచ్చేవి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా ఇంటి ముందుగదిలో ఒక మగ్గం ఉండేది. దాని మీద నేనూ, మా ఆవిడ తమ్ముడూ, అంటే నా బామ్మర్ది, కలిసి నేసేవాళ్లం. గద్వాల చీర సంగతి మీకు తెలిసిందే, ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పట్టును పట్టుకోవాలి, పట్టు నూలును విడవకూడదు, అందుకని అంచుల దగ్గర పోగులు ఒకదానితో ఒకటి మెలిపడుతూ నడవాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చోవలసిందే. ఒకడు లేస్తే రెండోవాడు ఉత్తగా కూర్చోవలసిందే. మా ఆవిడ మా ఇద్దరినీ నూలూ పట్టూ అని ఆటపట్టించేది. అందులో నూలు ఎవరో నా ముఖం చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు. వాడి వేళ్లు అటువంటివి మరి. వేళ్లకు చిటికెడు బూడిద అద్దుకుని కొంగు పట్టుపోగునూ ఒంటి నూలుపోగునూ కలిపి మెలిపెట్టాడంటే, అతుకు ఎక్కడుందో నేసిన నాకే దొరికేది కాదు.

వాళ్లమ్మ చిన్నప్పుడే పోతే, మా ఆవిడే వాణ్ణి చంకన వేసుకుని పెంచింది. అందుకే వాడు పొద్దుగూకగానే బారులో కూర్చోవడం మరిగినప్పుడు ఆమెకు కూడు సహించలేదు. తిట్టి చూసింది, ఏడ్చి చూసింది, చివరకు నన్ను కాపలాకు నియమించింది. సారా వాసనే పడని మనిషిని నేను. ఆ లోపమే నాకు అర్హత అయింది.

“నువ్వు తాగవు గద, వాని పక్కన కూసో. ఒక్క గ్లాసు కాంగనే లేపుకరా. నువ్వుంటే నాకు ధైర్నం” అన్నది.

అట్లా ధైర్యం పేరిట నేను మొదటిసారి బారు గడప తొక్కాను. పాత బస్టాండు వెనుక రేకుల కొట్టం అది. లోపల వాసనకు ముక్కు మూసుకున్నవాణ్ణి, ఒక చిన్న స్టీలు గిన్నె ముందుకొచ్చేసరికి నోరు తెరిచాను. వంటాయన రాయచూరు వైపు మనిషి, పల్లీలను శేంగా అనేవాడు. బెల్లం ముదురు పాకానికి వచ్చే వేళ చూసి, వేయించిన పల్లీలు అందులో పోసి, దించే ముందు ఉప్పూ మిరపపొడీ నువ్వులూ చల్లేవాడు. నోట్లో వేసుకోగానే మొదట తీపి వచ్చి పలకరించేది, దాని వెనుకే ఉప్పు వచ్చి చురుక్కుమనిపించేది, ఆ ఇద్దరి తగవు తీర్చడానికి కారం వచ్చేలోగా చేయి దానంతటదే మళ్లీ గిన్నెలోకి పోయేది.

చిక్కల్లా ఒకటే. అక్కడ పల్లీలు అమ్మరు. గ్లాసు చెబితే గిన్నె వస్తుంది. నాకు ఉత్త పల్లీలే కావాలని అడిగితే వంటాయన నన్ను ఎగాదిగా చూసి, “శేంగా కొనేటందుకు ఇదేం సంతనా అణ్ణా? గ్లాసు చెప్పు, గిన్నె దాని ఎన్కనే వస్తది” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పకపక నవ్వారు. బామ్మర్దికి మాత్రం నా మీద జాలి కలిగింది. అసలు కష్టం ఆ జాలితోనే మొదలైంది.

నా గిన్నె అడుగు కనబడగానే వాడు చేయెత్తేవాడు. “అన్నా, మా బావ గిన్నె ఖాళీ అయింది, ఇంకోటి తే.” గ్లాసు వచ్చేది, గిన్నె వచ్చేది, గ్లాసు వాడి ముందుకు జరిగేది, గిన్నె నా ముందుకు జరిగేది. మొదట్లో వద్దురా అనేవాణ్ణి, అయితే పల్లీలు నములుతూ అన్న మాట ఎవరికి సరిగా వినబడుతుంది? తరువాత తరువాత ఆ మాట అనడమూ మానేశాను. కొన్నాళ్లకు బారులో ఆ రెండో గ్లాసుకు పేరే బావ గిన్నె అయిపోయింది. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలంటారు పెద్దలు. మా విషయంలో ఉప్పు తిన్నది నేను, తాగింది వాడు.

ఇంటికొస్తే మా ఆవిడ ఎంత తాగిండని అడిగేది. కొద్దిగనే అనేవాణ్ణి. ఒకనాడు దీపం దగ్గరికి లాగి, “మరి నీ మీసాల నువ్వులేంది?” అన్నది. దాచడానికేముంది, పల్లీల సంగతి పూసగుచ్చినట్టు చెప్పాను, లొట్టలు కూడా వేశాననుకుంటాను. ఆమె కోప్పడలేదు సరికదా ముఖం వెలిగింది. “గా పల్లీలకే గద మీరిద్దరు గాడ కూసునేది? గవేవో నేనే చేస్త. గాడ్కి పోవుడెందుకు?”

పాన్‌గల్ దగ్గర వాళ్ల మేనమామది పల్లి చేను. అక్కడినుంచి కొత్త కాయ తెప్పించి, వలిచి, మొదటి వాయి మాడ్చుకుని, రెండో వాయి ముద్ద చేసుకుని, చేతి మీద పాకం చుక్క పడి బొబ్బ లేచినా వదలకుండా, చివరికి ఒక సాయంత్రం డబ్బానిండా చేసింది. మగ్గం దిగగానే గిన్నెలో పోసి మా ముందు పెట్టింది. బామ్మర్ది గుప్పెడు నోట్లో పోసుకున్నాడు. మళ్లీ గుప్పెడు తీసుకున్నాడు. ఆ వేళకు రోజూ అంగీ కోసం చిలక్కొయ్య వైపు చూసేవాడు, ఆ రోజు చూడలేదు. గోడకు చేరబడి, చిన్నప్పుడు అక్క తనను జాతరలో పోగొట్టుకుని తానే ఏడుస్తూ కూర్చున్న కథ ఎత్తుకున్నాడు. “ఏడ్సింది నువ్వురా, మళ్ల నా మీద పెడుతున్నవు” అంటూ ఆమె కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. బయట వీధి సద్దుమణుగుతోంది. ఇంకాసేపు అట్లా గడిచి ఉంటే ఆ పూటకు బారు సంగతి అందరం మరిచిపోయేవాళ్లమే.

అప్పుడు వాడు నా వైపు తిరిగి, ఎట్లున్నయి బావా అన్నాడు.

పల్లీల విషయంలో ఊళ్లో నన్ను మించిన పండితుడు లేడని నాకప్పుడు గట్టి నమ్మకం. కళ్లు మూసుకుని, నమిలి, తల ఆడించి తీర్పు చెప్పాను. “మంచిగనే ఉన్నయి గని, బారుయి బారుయే. గా కరకర వీటికి రాలే.”

వాడు నవ్వేశాడు. “గట్లనా? అయితే నడువు మరి, అసలుయే తిందాం” అని లేచి అంగీ తొడుక్కున్నాడు. నేనూ లేచాను. మా ఆవిడ బొబ్బెక్కిన చేత్తో డబ్బా మూత ఒత్తి ఒత్తి పెట్టడం చూశాను. నిజానికి ఆ రెంటికీ తేడా ఏమున్నదో ఈనాటికీ చెప్పలేను. బహుశా గ్లాసుల చప్పుడు ఒక్కటే తక్కువై ఉంటుంది. ఆమె మళ్లీ ఎన్నడూ ఆ పల్లీలు చేయలేదు.

తరువాతి ఏళ్లలో వాడి వేళ్లు పొద్దున్నే వణకడం మొదలుపెట్టాయి. బూడిద అద్దుకున్నా పోగు నిలిచేది కాదు. మాకు నూలూ పట్టూ ఇచ్చి నేయించుకునే షావుకారు ఒకనాడు చీరను గుమ్మం వెలుగులో ఎత్తి పట్టుకున్నాడు. కొంగు దగ్గర అతుకు ఊడిన పళ్ల వరసలా కనబడింది. ఆయన దాన్ని మడిచి పక్కన పెట్టాడు. మరునాడు బామ్మర్ది తనంతట తానే మగ్గం దిగి, భార్యాపిల్లలతో అత్తగారి ఊరు ఆత్మకూరు చేరాడు. అక్కడ ఒక బట్టల కొట్టులో, ఇతరులు నేసిన చీరలు విప్పి చూపించి మడతపెట్టే పని. తాగుడు కూడా అక్కడే మానేశాడు, ఎవరూ చెప్పకుండా. అక్కడ వాడికి కాపలా లేదు. అందుకే మానగలిగాడేమో. ఇక్కడ నూలు ఒక్కటే మిగిలితే మగ్గం ఏం నడుస్తుంది? కొన్నాళ్లకు దాన్నీ విప్పేశాం.

మా ఆవిడ నన్ను దెప్పింది లేదు. ఒక్కసారి, శ్రీరంగాపూర్ పోతుంటే బస్సు కిటికీలోంచి పల్లి చేలు చూపించి, “కంచె చేను మేస్తదంటరు గని, నా కంచె ఏంచిన పల్లీలు గూడ మేసింది” అన్నది. ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. ఆ నవ్వు మాత్రం పల్లి పొట్టులా ఇంకా గొంతులోనే అంటుకుని ఉంది.

నిన్న సాయంత్రం బామ్మర్ది వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఆ మెరుపు పొట్లం ఒకటి తెస్తాడు, నాకిష్టమని. చింపబోతే వేళ్లు వణికి జారిపోతుంది, నేనే అందుకుని చింపుతాను, తిను బావా అని ఎదురుగా కూర్చుని చూస్తాడు. నిన్న నేను చేయి చాచేలోగా మా ఆవిడ అందుకుని, “గాయినకు డాక్టరమ్మ ఉప్పు, తీపి రెండూ వద్దన్నదిరా” అని చెప్పింది. వాడి ముఖం వాడిపోయింది. పొట్లాన్ని వెనక్కి తీసుకుని, మళ్లీ సంచిలో పెట్టుకుంటూ, “ముందుగాలనే చెప్పొద్దా బావా? నీకు చెరుపు చేసేదని తెలిస్తే నేను తెస్తనా?” అన్నాడు.

మా ఆవిడ చాయ పెట్టడానికి లోపలికి వెళ్లింది. నేను వాడి వైపు చూడలేక, మగ్గం ఉండిన చోటు వైపు చూస్తూ కూర్చున్నాను. అక్కడ ఇప్పుడు టీవీ ఉంది. పాత బస్టాండు వెనుక రేకుల కొట్టం పోయి సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. పల్లీలు గ్లాసును విడిచి పొట్లాల్లోకి చేరాయి, ఇప్పుడు వాటికోసం ఎవరూ ఎవరికీ తాగించనక్కరలేదు. ఆ రోజుల్లోనే ఇట్లా విడిగా దొరికి ఉంటే ఎంత బాగుండేదని అనుకోబోతాను, అంతలోనే ఆగిపోతాను. దొరికాయి కదా, మా ఇంట్లోనే, డబ్బానిండా.