ప్రభువా, పంపింగ్ తగ్గనివ్వకు

ఒట్టు పెట్టుకోవద్దని పాస్టరుగారు ఎంత చెప్పినా, సహోదరులారా, నేనేం చెప్పినా మన తార్నాక సంఘం సగం తీసేసి వింటుంది గనుక, దేవుని సన్నిధిలో గంభీరంగా చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం!

గుండెపోటు వచ్చి తగ్గాక నా గుండె ఎడమగోడ చచ్చుబడి బుడగలా ఉబ్బింది. డాక్టర్లు ఛాతీ తెరిచి ఆ బుడగను కోసేసి మిగిలిన గుండెను కుట్టి పంపారు. ఆపరేషనుకు అందరూ వచ్చారు, పళ్లు తెచ్చారు, కన్నీళ్లతో ప్రార్థించారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి బతకడాన్ని చూడటానికి ఎవరొస్తారు! నా భార్య అంతకుముందే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. సాయంత్రం పక్కనున్న యూనివర్సిటీ క్యాంపస్‌లో విద్యార్థులు గుంపులుగా నవ్వుకుంటూ పోతుంటే, నేను నా మణికట్టు నేనే పట్టుకుని నాడి చూసుకుంటూ నడిచేవాణ్ణి. ఏటేటా ఎకో తీసి గుండె పంపింగ్ చూస్తారు, అది తగ్గితే ఇక కష్టమన్నారు. ఈ ఏడు అడిక్‌మెట్ వైపు ఎత్తు ఎక్కుతుంటే ఆయాసం వచ్చింది. అయిపోయిందనుకున్నాను.

తెల్లారి మోకాళ్ల మీద పడి గట్టిగా మొరపెట్టాను: "ప్రభువా, పంపింగ్ తగ్గనివ్వకు! పంపింగ్ నిలబెట్టు తండ్రీ!"

కింద ఇంటి ఓనరు రాజమణక్క పరుగున మెట్లెక్కి వచ్చింది.

"ఏందన్నా, పొద్దుగాల పంపింగ్ పంపింగ్ అని ఒర్లుతున్నవ్? నీ దిక్కు నీళ్లు ఎక్కుతలేవా? మోటరు వేసే ఉన్నది గదా!"

"నీళ్లు కాదక్కా, గుండె."

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. "మోటరైతే మెకానిక్‌ను పిలుస్తుంటి. దీనికెవర్ని పిలవాలె?"

"పిలుస్తనే ఉన్నక్కా."

ఆమె మన విశ్వాసి కాదు. అయినా అప్పట్నుంచి రోజూ కిందినుంచి "అన్నా, పంపింగ్ మంచిగున్నదా?" అని కేకేస్తుంది, వీధివాళ్లు మా ఇంట్లో నీళ్ల కరువనుకుంటున్నారు! దేవునికే మహిమ, నా ఊపిరి గురించి అడిగే గొంతు ఒకటి ఇచ్చాడు.

ఎకోకు ఒంటరిగానే వెళ్లాను. "వెంట ఎవరొచ్చిన్రు?" అని నర్సమ్మ అడిగింది. "ప్రభువు వచ్చాడమ్మా" అన్నాను. "అయితే ఆయనను బయట కూసోమను, లోపలికి పేషెంటే రావాలె" అంది. లోపల డాక్టరు తెర చూసి, కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టి, "ఇసొంటి గుండెను నేను చూడలే!" అని అందరినీ పిలిచి చూపించారు. హల్లెలూయ!

ఒంటరి గదిలో భయపడుతున్న సహోదరుడా, సహోదరీ, ఆయన్ని నమ్మండి, గట్టిగా అడగండి. ఎవరైనా విని మెట్లెక్కి వచ్చేంత గట్టిగా అడగండి!

ఇక ఒప్పుకోలు. డాక్టరుగారు లేవలేదు, చప్పట్లు కొట్టలేదు. తెర మీదినుంచి కళ్లు తిప్పకుండా "పోయినసారి లెక్కనే ఉన్నది, మందులు ఆపకు" అన్నారు. పెరగలేదు. తగ్గలేదు. కుట్టిన గుండెకు అదెంత పెద్ద అద్భుతమో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు గనుక, చప్పట్లు నేనే కలిపాను. క్షమించండి.