తారు డ్రమ్ములో వేన్నీళ్ళు

మొన్న ఆదివారం పొద్దున్నే మా బావ నా ఫోనుకు ఓ వీడియో పంపాడు. ఎవరో విదేశీ ఫుట్‌బాల్ ఆటగాడు మ్యాచి అయిపోయాక మంచుముక్కలు నింపిన తొట్టెలో నడుము దాకా కూర్చుని వణుకుతున్నాడు, కాసేపటికి లేచి పక్కనే ఆవిర్లు కక్కుతున్న వేడినీళ్ళ తొట్టెలోకి దిగి హాయిగా కళ్ళు మూసుకున్నాడు. దాని వెనకే మా బావ గొంతు: "సూసావేటి బామ్మర్దీ, నాను ఆనాడే సెప్పినానా లేదా!" ఇన్నేళ్ళ తర్వాత ఆ సంగతి నా దగ్గర ఎత్తడానికి ఈ మనిషికి మొహమెలా చెల్లిందో నాకు అర్థం కాలేదు. ఫోను బోర్లా పెట్టేసి, కాఫీ అయినా తాగకుండా పెరట్లోకి వెళ్ళిపోయాను.

తొంభైల చివర్లో మా అరకు లోయలో ఫుట్‌బాల్ అంటే సంత మైదానమే. సంత జరిగిన మర్నాడు పాకల గుంజలు పీకిన గోతులు పూడ్చి, మేకల పెంటికలు ఊడ్చి, వెదురు బొంగులు పాతుకుంటే అదే మా గోలుపోస్టు. పగలంతా తోటల్లో కాఫీ పళ్ళు కోసి, బస్తాలు భుజాన వేసుకుని మిట్టలెక్కి దిగిన కాళ్ళతోనే సాయంత్రం పరిగెత్తేవాళ్ళం. మర్నాటికి పిక్కలు పట్టేస్తే అమ్మ వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోసేది, అంతకు మించిన వైద్యం ఒకటుంటుందని మాకెవరికీ తెలియదు, తెలియకపోయినా ఆటేమీ ఆగలేదు.

మా అక్క మొగుడు, అదే ఈ బావ, అప్పట్లో పాడేరు రోడ్డు పనిలో మేస్త్రీ దగ్గర ఉండేవాడు. జీవితంలో బంతిని తన్నిన పాపాన పోలేదు గానీ మా జట్టుకు తనంతట తనే కోచ్ అయిపోయాడు. గీత పక్కన మాకంటే ఎక్కువ పరిగెత్తేవాడు, మాకంటే ఎక్కువ ఆయాసపడేవాడు. పాడేరులో ఏదో హోటల్లో టీ తాగుతూ టీవీలో చూశాడట, పెద్ద పెద్ద ఆటగాళ్ళు ముందు చన్నీళ్ళలో, తర్వాత వేన్నీళ్ళలో మునిగితే మర్నాటికి కాళ్ళు కొత్తవైపోతాయని. ఆ రోజు నుంచి మమ్మల్ని బతకనిస్తే ఒట్టు.

ఆ ఏడు డిసెంబరులో మా మైదానంలోనే పోటీలు పెట్టారు. ఫైనల్ చూసి జిల్లా జట్టుకు ఆటగాళ్ళను ఎంచుకోవడానికి విశాఖపట్నం నుంచి ఇద్దరు పెద్దమనుషులు వస్తున్నారన్నారు. ఎడమ పక్క ఆడేవాణ్ణి నేనే, తీసుకుంటే నన్నే తీసుకుంటారని ఊరంతా అనేసింది, నేనూ నమ్మేశాను. అమ్మ అప్పుడే నా బట్టలు ఉతికి సంచిలో సర్దిపెట్టింది. సెమీఫైనల్లో కొయ్యూరు జట్టు మమ్మల్ని అదనపు సమయం దాకా లాగింది, చివరికి గెలిచాం గానీ నా కాళ్ళు కొయ్యబారిపోయాయి, మర్నాడే ఫైనల్.

ఆ సాయంత్రం చీకటి పడుతుండగా మైదానం దిగువన గెడ్డలో, అదే మా కొండవాగులో, మమ్మల్ని నడుము లోతు కూర్చోబెట్టాడు బావ. ఆ నెలలో మా గెడ్డ నీళ్ళు ఎలా ఉంటాయో ఈ కొండల్లో పుట్టినవాళ్ళకే తెలుస్తుంది, దవడలు టకటకలాడుతుంటే బూతులు కూడా సరిగ్గా రాలేదు. ఒడ్డున వేన్నీళ్ళు సిద్ధం. దేంట్లో అనుకున్నారు? రోడ్డు పని దగ్గర్నుంచి భుజాన మోసుకొచ్చిన ఖాళీ తారు డ్రమ్ములో. లోపల మంటపెట్టి శుభ్రం చేశానన్నాడు, నిజంగానే చేశాడు, కానీ తారు అంత తేలిగ్గా వదిలే సరుకా? "బేగి దిగు, సల్లారిపోతాది" అంటూ ఇంటి మనిషినన్న మర్యాద కొద్దీ ముందు నన్నే దింపాడు. పొగమంచూ ఆవిరీ కలిసి ఏమీ కనబడలేదు. నిజం చెప్పొద్దూ, ఆ కాసేపు స్వర్గంలా ఉంది. బయటికొచ్చాక ఎవరో లాంతరు ఎత్తి చూపిస్తే, నడుము నుంచి పాదాల దాకా నల్లగా, జిగటగా, నా కాళ్ళు నావి కావు.

అప్పుడైనా ఊరుకున్నాడా? కిరసనాయిలు తెచ్చి, గోనెసంచి ముక్కతో తనే రుద్దడం మొదలెట్టాడు. తారుతో పాటు నా తోలూ కొంత పోయింది. "వలిసి నూనె రాస్తే పోయేది గదరా" అని అమ్మ తల కొట్టుకుంది, అప్పటికే తొడలు ఎర్రగా కమిలిపోయాయి. మర్నాడు మైదానంలో చెమట పట్టగానే ఒళ్ళంతా మంట, నిక్కరు రాసుకుంటే ప్రాణం పోయేది. సగం ఆటకే నన్ను బయట కూర్చోబెట్టారు. జి.మాడుగుల వాళ్ళు గెలిచారు, వాళ్ళ ఎడమ పక్క కుర్రాణ్ణి తీసుకుని ఆ పెద్దమనుషులు జీపెక్కి వెళ్ళిపోయారు. అమ్మ సంచిలో బట్టలు మళ్ళీ దండెం మీదికి చేరాయి. మరుసటి ఏడు ఎవరూ రాలేదు, ఆ తర్వాత నాకు వయసు దాటిపోయింది.

నా కోపమేమిటో మీకు విడమరిచి చెప్పాలి. బావ చెప్పింది తప్పయితే ఎప్పుడో నవ్వేసి ఊరుకునేవాణ్ణి. తప్పు కాదట, ఆ మాట ఇప్పుడు ఊరూవాడా చెబుతున్నారు. అదీ నాకు ఒళ్ళుమంట. పోనీ గట్టిగా తిడదామంటే, ఆ డ్రమ్మును అంత దూరం నుంచి మోసుకొచ్చిన ఆయన భుజం మీద రేకు కోసుకుపోయిన మచ్చ ఇంకా ఉంది. దాన్ని చూస్తే నోరు రాదు, రానందుకు నా మీద నాకే చిరాకు.

ఇప్పుడు సంత మైదానంలో పర్యాటకుల కార్లు నిలుపుతున్నారు. కుర్రాళ్ళు ఎక్కడో వలలు కట్టిన పచ్చ తివాచీ మీద ఆడుతున్నారు, మంచుముక్కలు బస్తాల్లో దొరుకుతున్నాయి. ఆ ఆదివారం సాయంత్రం ఫోను తిప్పి చూస్తే బావ నుంచి ఇంకో మాట వచ్చి ఉంది, నా మోకాళ్ళ నొప్పుల కోసం నీలం ప్లాస్టిక్ డ్రమ్ము కొత్తది కొన్నాడట, రెండుసార్లు కడిగాడట, వచ్చే ఆదివారం రమ్మన్నాడు. వెళతాను, వెళ్ళక చస్తానా. డ్రమ్ము శుభ్రంగానే ఉంటుంది, నీళ్ళూ సరిగ్గానే కాగుతాయి, మర్నాడు ఆడాల్సిన ఫైనలే లేదు.