కూజా మొక్కకు ఏమీ పెట్టకండి

మా ఎదురింటి బోటనీ మేడంగారు పోయారని నెల కిందట ఓ పొద్దున్నే వాళ్లమ్మాయి వచ్చి చెప్పింది. నిద్రలోనే వెళ్లిపోయారట. ఏడుపొచ్చింది. ఆ వెనకే, పైకి చెప్పడానికి ఎలా ఉన్నా, ఊరట కలిగింది. ఆవిడ పదే పదే అడిగినదానికి ముందు రోజే జవాబు చెప్పగలిగాను మరి.

అమలాపురం కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. వరండాలో పురుగుల్ని తినే కూజా మొక్కను పెంచేవారు. దాని ఆకు కొస తీగలా సాగి, చివర మూత ఉన్న చిన్న కూజాగా మారుతుంది. అందులో జారిపడ్డ పురుగే దానికి భోజనం.

కోనసీమలో ఆ మొక్క కష్టాలు అన్నీ ఇన్నీ కావు. ఇక్కడ మట్టికి బలమెక్కువ, మనుషులకి మర్యాదెక్కువ. చూడవచ్చిన చుట్టం ఒకాయన కూజాలో రొయ్యల వేపుడు ముక్క వేశారు. కూజా కాస్తా కుళ్లిపోయింది.

"తినే మొక్కకి ఏమీ పెట్టకుండా ఎలా వెళ్తామండీ?" అని ఆయన గోల.

మేడంగారు నవ్వేసి, "పెట్టడం మన జబ్బండి. ఆకలుంటేనే ఇది కూజా కడుతుంది," అన్నారు. కొబ్బరి పొట్టుని ఉప్పు పోయేదాకా వాన నీళ్లలో కడిగి, అందులోనే నాటేవారు. ఎరువు మాటెత్తితే మాత్రం మండిపడేవారు.

మంచాన పడ్డాక కుండీ నాకిచ్చారు. మా ఇంటికి రాగానే ఉన్న కూజాలన్నీ ఎండిపోయాయి. ఆవిడ కళ్లముందే ఇది చచ్చిపోతే ఏ ముఖం పెట్టుకుని వెళ్లను? మా అత్తగారేమో వేరుశనగ చెక్క నానబెట్టి తెచ్చి, "పస్తులుంటే ఎలా బతుకుద్దే?" అని పోయబోయారు. నేను అడ్డం నిలబడ్డాను.

ఎప్పుడు వెళ్లినా మేడంగారిది ఒకటే ప్రశ్న.

"కొస ఉబ్బిందాండి?"

"ఇంకా లేదండి."

"చోటు మారింది కదా, అలిగింది. పాతవి పోతే పోనివ్వండి. కొత్త ఆకు కొస చూడండి, ఉబ్బితే కూజా వస్తున్నట్టే. ఏమీ పెట్టకండి."

పక్కన జావ గిన్నె పట్టుకుని బతిమాలుతున్న కూతుర్ని చూపించి, "దీనికీ అదే జబ్బండి," అని నాకు కన్ను గీటేవారు.

ఆ చివరి సాయంత్రం పరుగున వెళ్లి, "ఉబ్బిందండీ! గోరంత," అన్నాను.

"ఆయ్! అయితే ఇంక ముట్టుకోకండి," అన్నారు. చాలా రోజుల తర్వాత ఆ ముఖంలో నిశ్చింత చూశాను.

చర్చివాళ్లు సంతాపంగా జరిపిన ఆదరణ కూడికలో అందరూ ఆవిడ క్లాసుల గురించి చెప్పారు. నాకు మాత్రం కొబ్బరి పొట్టు పిండే ఆ చేతులే కనిపించాయి.

ఇవాళ పొద్దున కొత్త కూజా మూత తెరుచుకుంది. అత్తగారు వేళ్ల మధ్య అన్నం మెతుకు పట్టుకొచ్చి, నన్ను చూసి ఆగిపోయారు.

"ఒద్దంటావా?"

"ఒద్దండి, అత్తయ్యగారూ."

ఇద్దరం వంగి చూశాం. అడుగున కాసిని నీళ్లున్నాయి. ఎవరం పోసినవీ కావు.