సగం ఖాళీ వదిలిన ఫ్లెక్స్

2017. నరసాపురంలో మా ఫ్లెక్స్ షాపు. బొమ్మలు కుదిర్చే పని నాది కాదు, నేను కొలతలు వేస్తాను. ఎంత దూరం నుంచి చూస్తారు, ముఖం ఎన్ని అంగుళాలుంటే గుర్తుపడతారు, ఫోటోను ఎన్ని రెట్లు పెంచితే పాడవుతుంది. ఈ లెక్కలు ఎవరూ నేర్పలేదు, చేస్తూ చేస్తూ పట్టుబడ్డాయి.

వానలు తగ్గాక ఒక ఐరిష్ సిస్టర్ గారు వచ్చారు. మొగల్తూరు దారిలోని మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ విద్యార్థినులకు ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి, ఇక స్వదేశానికి వెళ్ళిపోతున్నారు. చివరి క్లాసులో తమ ఊరి గొడవల గురించి చెప్పాలనుకున్నారు, అందుకో ఫ్లెక్స్ కావాలన్నారు. ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌తోనే ఉండాలని ఒక వర్గం, ఐర్లాండ్‌లో కలవాలని మరో వర్గం ఏళ్ళ తరబడి చంపుకున్నాయట. చనిపోయిన తమవాళ్ళ బొమ్మలు ఎవరికి వారు వీధి గోడల మీద వేసుకున్నారట.

"ఇది మా వీధి గోడండి," అని ఫోటో ఇచ్చారు. తుపాకీ పట్టుకుని నిలబడ్డ కుర్రాడు. ఆమె తమ్ముడు. వాళ్ళ ఇల్లు తగలబెట్టినప్పుడు మిగతా ఫోటోలన్నీ పోయాయి. ఆ గోడ బొమ్మే మిగిలింది.

"తుపాకీ తీసెయ్యగలరా? పిల్లలు వాడిని నా తమ్ముడిగా చూడాలి."

తీసెయ్యడం తేలికే. చేతులతోనే చిక్కు. తుపాకీ పోతే అవి గాలిని పట్టుకున్నట్టుంటాయి. మా డిజైనర్ వెంకటలక్ష్మి అందరికీ చేసేదే చేసింది. నమస్కారం పెడుతున్న, తల లేని ఒంటి బొమ్మలు ఫ్లెక్స్ షాపుల్లో సిద్ధంగా ఉంటాయి. పుట్టినరోజుకైనా ఎన్నికలకైనా తల మారిస్తే సరి. ఎమ్మెల్యే సీటు ఖాయమని నవ్వింది. మెడ కొలత సరిపోయింది, నాకూ బాగుందనిపించింది.

మర్నాడు సిస్టర్ గారు స్క్రీన్ మీద బొమ్మ చూశారు.

"దండం పెడుతున్నాడు," అన్నారు. "ఎవరికండి?"

మాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. చనిపోయే ముందు ఏడాది ఆ తమ్ముడు ఒక బస్సు డ్రైవర్‌ను కాల్చాడు. అవతలి వర్గం మనిషి. ఆయన గుమ్మంలోనే, భార్య చూస్తుండగా. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆమె ఇక్కడ ఎవరికీ చెప్పలేదట.

"తుపాకీ తీసేస్తే ఆ డ్రైవర్ కూడా పోతాడండి. మళ్ళీ పెట్టేయండి."

వెంకటలక్ష్మి నెమ్మదిగా, "పిల్లలు హంతకుడనుకుంటారేమోనండి," అంది.

"అనుకోనీ అమ్మా. నా తమ్ముడని కూడా అనుకుంటారుగా."

ఫ్లెక్స్‌లో రెండో సగం ఖాళీగా వదలమన్నారు, ఆ డ్రైవర్ కోసం. ఆయన ఫోటో లేదా అని అడిగాను.

"వాళ్ళ వీధి గోడ మీద ఉండే ఉంటుందండి. నేను ఆ వీధిలోకి ఎప్పుడూ వెళ్ళలేదు."

ఖాళీ స్థలం వృథా అని కత్తిరించేసే మనిషిని. ఆ రోజు రెండు సగాలూ సమానంగా వచ్చేలా రెండుసార్లు కొలిచాను. క్లాసులో కట్టడానికి నేనే వెళ్ళాను. ప్రింటింగ్ మధ్యలో ఆగిపోయిందాండీ అని ఒక విద్యార్థిని అడిగింది. సిస్టర్ గారు చెబుతారన్నాను.

మరుసటి ఏడాది ఆమె స్వదేశంలో చనిపోయారని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. ఆ డ్రైవర్ వాళ్ళ వీధికి వెళ్ళగలిగారో లేదో వాళ్ళకూ తెలియదు.

మాకు రోజూ ఎవరో ఒకరు ఫోటోలోంచి ఏదో ఒకటి తీసెయ్యమంటారు. తీసేస్తాం. కాకపోతే ఇప్పుడు, దాంతోపాటు ఇంకెవరు పోతారో ఒకసారి చూసుకోమని చెబుతున్నాను.