ఎర్రగాజు చూపు

నీటి పరీక్షాశాలలో అందరూ అతన్ని చాటుగా ఒంటికన్ను అనేవారు. రెండు కళ్ళూ చక్కగా ఉన్న మనిషికి ఆ పేరు రావడానికి కారణం అతని చొక్కా జేబులోని ఎర్రగాజు ముక్క. ఏదో పాత సైకిలు వెనక దీపానిది. అగ్గిపెట్టె కన్నా కాస్త చిన్నది. ఫ్లాస్కులోకి బొట్టు బొట్టుగా ఆమ్లం విడుస్తూ, నీరు ఆకుపచ్చ నుంచి ఎరుపుకు తిరిగే క్షణం దగ్గరపడగానే, అతను ఎడమకన్ను మూసి కుడికంటికి ఆ గాజు అడ్డుపెట్టుకునేవాడు. ఆగవలసిన బొట్టు దగ్గర చెయ్యి ఆగేది. ఇరవై రెండేళ్ళలో ఒక్క బొట్టు ఎక్కువ పడిందన్నవారు లేరు.

"కళ్ళజోడు ఖరీదని గాజుపెంకుతో సరిపెట్టుకుంటున్నారా సారూ?" అని సీసాలు కడిగే ఆవిడ వేళాకోళమాడేది.

"చూపు చెదరకుండా ఉంటుందమ్మా, అంతే" అనేవాడతను.

అది నిజం కాదు. అతని కంటికి ఎరుపూ ఆకుపచ్చా ఒకటే; రెండూ ఎండుగడ్డి రంగే. లేతగులాబీ అయితే పలచని బూడిద, అదీ వెలుతురు బాగున్నప్పుడు. గాజు అడ్డుపెడితే మాత్రం ఆకుపచ్చ నల్లబడేది, ఎరుపు తేలికపడేది. రంగు తెలియకపోయినా తేడా తెలిసేది. ఆ తేడా మీదే అతని ఉద్యోగం నిలబడింది.

ఈ సంగతి అతనికి గాక మరొక్కరికే తెలుసు: బట్టలు కుట్టే అతని అక్కకు. తమ్ముడికి ఎనిమిదేళ్ళప్పుడు ఎర్రదారం తెమ్మంటే ఆకుపచ్చదారం తెచ్చాడు. మూడోసారీ అదే తెచ్చేసరికి చెయ్యెత్తిన మనిషి, వాడి ముఖం చూసి చెయ్యి దించేసింది. ఆ రాత్రికల్లా దారపుకండెలన్నిటి మీదా పేర్లు రాసిన చీటీలు అంటించింది. ఎందుకని ఎవరడిగినా, "నాకే మతిమరుపు" అనేది.

కాలేజీలో చేరే ముందు ఆమె చెప్పి చూసింది.

"లెక్కలు తీసుకోరా. లెక్కలకి రంగుండదు."

"లెక్కల్లో ఏదీ పొంగదక్కా. రసాయనశాస్త్రంలో పొంగుతుంది, పేలుతుంది, వాసనొస్తుంది."

"పొంగేది చూడాలనుంటే పొయ్యి మీద పాలు పెట్టుకో!"

అతను వినలేదు. కిందపడిన సైకిలు దీపం పగిలినప్పుడు దొరికిన గాజుముక్కతో చదువంతా గట్టెక్కాడు. ఉద్యోగానికి ముందు కంటిపరీక్ష వచ్చిపడింది. రంగుచుక్కల గుంపులో అంకెలు దాగి ఉండే పుస్తకం ఒకటి ముందు పెట్టి చదవమంటారు. అక్క తనకు తెలిసిన కళ్ళజోళ్ళ దుకాణంలో ఆ పుస్తకాన్ని రెండు రోజులకు అరువడిగి తెచ్చింది. ఏ పేజీలో ఏ అంకో వరుసగా వల్లెవేయించింది. తమ్ముడు ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పి ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఆనాడు ఆమె సంతోషపడలేదు.

"నిన్ను ఒడ్డెక్కించానో, ముంచానో నాకే తెలియట్లేదురా" అన్నది.

ఆ మాట ఇరవై రెండేళ్ళు ఊరకే పడి ఉంది. మొన్న సోమవారం లేచి కూర్చుంది.

ఊళ్ళోని పన్నెండు నీళ్ళ ట్యాంకుల నుంచీ రోజూ మధ్యాహ్నం సీసాలు వస్తాయి. నీటిలో మురుగు కలిసిన జాడను ఒక యంత్రం పట్టుకుని అంకెల్లో చెబుతుంది. సాయంత్రానికి అతను సంతకం చేస్తే, మర్నాడు ఉదయం ఆరింటికి వీధుల్లోకి నీళ్ళు వదులుతారు. ఆ సోమవారం యంత్రం మొరాయించింది.

"బీరువాలో బొట్లమందు ఉంది కదా" అన్నది ప్రయోగశాల అధికారిణి. "నీళ్ళలో వేస్తే మురుగు ఉన్నచోట గులాబీరంగు వస్తుంది. యంత్రం బాగయ్యేదాకా దాంతో కానివ్వండి. మూడేళ్ళ కిందట వానల్లో నాలుగు రోజులు మీరే నెట్టుకొచ్చారుగా."

"నెట్టుకొస్తానండీ" అన్నాడతను. అనడంలో కొంచెం గర్వం కూడా ఉంది.

పన్నెండు గాజుగొట్టాలు వరుసగా నిలబెట్టాడు. ఒక్కొక్కదానిలో ఐదేసి బొట్లు వేశాడు. మందుతో వచ్చిన రంగుల అట్టను పక్కకు నెట్టాడు. చిన్నప్పటి నుంచీ రంగుల అట్టలంటే అతనికి నమ్మకం లేదు. పదమూడో గొట్టంలో స్వేదనజలం పోసి, దాని పక్కన ఒక్కొక్క గొట్టాన్నే పెట్టి, ఎర్రగాజులోంచి చూశాడు. ప్రతిదీ స్వేదనజలంలాగే తేటగా ఉంది. అనుమానం తీరక రెండోసారి చూశాడు. పన్నెండు గడుల్లోనూ 'లేదు' అని రాసి సంతకం చేశాడు.

మర్నాడు ఎనిమిదిన్నరకు సీసాలు కడిగే ఆవిడ గొట్టాల చట్రం ఎత్తుతూ ఆగింది.

"సారూ, ఈ ఏడోది పారబోయబుద్ధి కావట్లేదండీ. ఎంత ముద్దొస్తోందో! చంటిపిల్ల బుగ్గలాగుంది."

అతను చదువుతున్న కాగితం మీద నుంచి తల ఎత్తలేదు. ఎత్తడానికి భయమేసింది.

"ఏ రంగు?"

"పొద్దున్నే నేనే దొరికానా సారూ ఆటపట్టించడానికి? గులాబీ! గుడ్డివాడికైనా తెలుస్తుంది."

అతను లేచి కిటికీ దగ్గరకు తెచ్చుకుని చూశాడు. ఉత్తకంటికి నీళ్ళలో బూడిద కలిపీ కలపనట్టుంది. గాజు అడ్డుపెట్టాడు. బూడిద కూడా పోయింది. నీళ్ళు తేటపడ్డాయి, నిన్నటిలాగే, అచ్చంగా నిన్నటిలాగే.

అప్పుడు వెలిగింది. ఎర్రగాజులోంచి చూస్తే ఆకుపచ్చ నల్లబడుతుంది కాబట్టి ఎరుపు తేలిపోతుంది. కాని తెలుపూ అలాగే తేలిపోతుంది. ఎర్రసిరా గీతమీద ఎర్రగాజు పెడితే గీత మాయమవుతుందని బడిపిల్లలకు తెలుసు. ఆకుపచ్చ నుంచి ఎరుపును విడదీసి ఇన్నేళ్ళు కాపాడిన గాజు, తెలుపు నుంచి గులాబీని విడదీయలేదు. పైగా కంటికి అందిన ఆ కాస్త బూడిదనూ తుడిచేసింది.

"మిగతా పదకొండూ?" అన్నాడు.

"తెల్లగానే ఉన్నాయండీ. ఏమైంది సారూ, చెమటలు పడుతున్నాయి?"

ఏడో ట్యాంకు అక్క వాళ్ళ వీధిది. నీళ్ళు వదిలి రెండున్నర గంటలైంది.

ముందు పంపుహౌసుకు ఫోను చేశాడు.

"ఏడు కట్టెయ్యండి. వెంటనే."

"సార్, ఏడు బాగుందని మీ సంతకంతోనే కాగితం వచ్చింది" అన్నాడు పంపు ఆపరేటరు. "బాగోలేదని ఎవరన్నారు?"

"నేనే అంటున్నాను."

"నిన్న బాగుందన్నదీ మీరే, ఇవాళ బాగోలేదంటున్నదీ మీరే. నేను మీ ఏ మాట వినాలి సార్? ఇక్కడ పుస్తకంలో కారణం అని ఒక గడి ఉంది. అది నింపకుండా వాల్వు ముట్టుకుంటే నా ఉద్యోగం పోతుంది. చెప్పండి, రాసుకుంటాను."

రాయించడానికి మాటలు లేకపోలేదు. పొరపాటున రాశాను అనవచ్చు. సీసాలు తారుమారయ్యాయి అనవచ్చు. కాని అలా అంటే ఈ సాయంత్రం మళ్ళీ పన్నెండు సీసాలు వస్తాయి, మళ్ళీ అతనే చూస్తాడు.

"రాసుకోండి" అన్నాడు. "పరీక్ష చేసిన మనిషికి ఎరుపు కనబడదు."

అవతల కలం గీసిన చప్పుడు, ఆపైన ఇనపచక్రం కీచుమని తిరగడం వినిపించాయి. సీసాలు కడిగే ఆవిడ చట్రాన్ని చప్పుడు కాకుండా కింద పెట్టి, కొంగుతో నోరు మూసుకుంది.

రెండో ఫోను అక్కకు. ఎత్తింది బావ.

"బావా, పొద్దున్న వచ్చిన నీళ్ళు తాగారా?"

"ఇప్పుడే రెండో గ్లాసు. నువ్వు సంతకం పెట్టిన నీళ్ళోయ్ బావమరిదీ, అమృతం! పక్కింటివాళ్ళు మరిగించుకుంటారు, మనకేం ఖర్మ?"

"గ్లాసు దించు బావా. కుండ పారబొయ్యి. అక్కకివ్వు ఫోను."

అక్క ఫోను అందుకుంది. తమ్ముడి ఊపిరి విన్నది.

"చెప్పేశావా?"

"రాయించేశాను."

వెనక కుండ ఒలుకుతున్న చప్పుడు చాలాసేపు వినబడింది. "మంచిపని చేశావు" అన్నది అక్క. "తప్పు మాత్రం నా పేరున కూడా రాయించు. అంకెలు వల్లెవేయించింది నేను."

అతను వెళ్ళి అధికారిణి బల్ల ముందు నిలబడ్డాడు. గాజుముక్క తీసి ఆమె ముందు పెట్టాడు. అంతా వరుసగా చెప్పాడు. ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది.

"ఆమ్లం పరీక్షలు సరే, గాజుతో సరిగ్గానే వచ్చి ఉంటాయి" అన్నది నెమ్మదిగా. "యంత్రం అంకెలకూ భయం లేదు. ఈ బొట్లమందుతో చూడడం ఇదే మొదటిసారి కదూ?"

మూడేళ్ళ కిందటి సంగతి నిన్న గుర్తుచేసిన మనిషే ఇవాళ మరిచింది. మరిచిందో, అతనికి ఒక దారి వదిలిందో తెలియదు. అవునంటే అవునే.

"కాదండీ" అన్నాడతను.

గోడ వైపు నడిచి, కింది అరలోంచి మూడేళ్ళ నాటి రిజిస్టరు లాగాడు. వానల నెల వెతికి పట్టుకున్నాడు. నాలుగు రోజులు, రోజుకు పన్నెండు గడులు, అన్నిటిలోనూ తన గుండ్రటి దస్తూరీ: లేదు, లేదు, లేదు. మొదటిరోజు ఏడో గడి దగ్గర వేలు నిలిచిపోయింది. బావ వాంతులతో ఆసుపత్రిలో చేరిన తేదీ అతనికి గుర్తే. ఆ వీధిలో అదే వారం చేరినవాళ్ళు మరో తొమ్మిదిమంది. ఎదురింటి ముసలాయన తిరిగి రాలేదు. వానాకాలం జబ్బులన్నారు అందరూ. అతనూ అన్నాడు.

ఆ గడి తేదీకీ బావ ఆసుపత్రిలో చేరిన తేదీకీ మధ్య రెండు రోజులు.

అతను పుస్తకాన్ని ఆమె వైపు తిప్పాడు.