గట్టు మీద ఎవరున్నారు

సారు నన్ను ఆరుగురి ముందర లెక్క రానివాడినన్నారు. మూడేళ్లయింది. పోయిన ఆదివారం పొద్దున అల్లం చేనులో నీళ్లు మళ్లిస్తుంటే సారు దగ్గర ఈత నేర్చుకున్న డాక్టరమ్మ ఫోను చేసి, "కాకా, సారు పోయిన్రు. ప్రాజెక్టు నీళ్లల్లనే" అంది. అప్పుడు కూడా నాకు మొదట యాదికొచ్చింది ఆ మాటే. దుఃఖం తర్వాత వచ్చింది. రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. పదకొండో రోజున పంచే పుస్తకంలో సారు గురించి తలా ఒక పేజీ రాయమన్నారు. నేను మూడో తరగతితో బడి మానినవాణ్ని. అక్షరాల తప్పులు దిద్దుకోండి, మాటలు మాత్రం మార్చకండి.

జహీరాబాద్ బడిలో ఆయన డ్రిల్లు సారు. నౌకరీ అయిపోయాక ఇంట్లో కూర్చోలేదు. నలభై, యాభై ఏళ్ల వాళ్లను ఆరుగురిని పోగు చేసి, మూడాటల పందేనికి తయారు చేయడం మొదలుపెట్టారు. ముందు ఈత, ఒడ్డుకొచ్చి సైకిలు, సైకిలు దిగి పరుగు. ట్రయథ్లాన్ అంటారట. అందులో ఒక డాక్టరమ్మ, ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఒక ఫోర్‌మన్, మిగతా నలుగురు ఉద్యోగాలూ దుకాణాలూ ఉన్నవాళ్లు. సైకిలుకు ముంబై రోడ్డు ఉంది. పరుగుకు చేల బాటలున్నాయి. ఈతకే నీళ్లు లేవు. అందుకని మొగుడంపల్లి దారిలో ఉన్న నా చేనుకు వచ్చారు.

"పటేలా, మీ మోటబావి జర కావాలె."

"మోటరు పెట్టుకుంటరా సారూ?"

"కాదు, మనుషులను పెట్టుకుంట."

మనుషులు ఎవరని అడిగాను. చెప్పారు. అందరికంటే చిన్నవాడికే నలభై ఏళ్లు. "ఈ వయసుల ఈత నేర్సుకుంటమని ఇంట్ల చెప్పి వచ్చిన్రా, చెప్పకుంటనే వచ్చిన్రా?" అన్నాను. సారు నవ్వారు. అట్లా మొదలైంది.

నేను ఈత నేర్చింది నడుముకు ఎండిన సొరకాయ కట్టుకుని. మా నాయన వెనక నుంచి తోశాడు, నేను నీళ్లు తాగాను, నాలుగు రోజుల్లో ఈత వచ్చింది. వీళ్లనూ అట్లాగే తోద్దామన్నాను. సారు ఒప్పుకోలేదు. "తోస్తే ఈత వస్తది పటేలా, ధైర్యం రాదు" అన్నారు. పది రోజులు ఆ ఆరుగురిని మెట్టు పట్టుకుని, మొహం నీళ్లలో పెట్టి, ఊపిరి వదిలే పని తప్ప ఇంకో పని చేయనివ్వలేదు. ఆరుగురు పెద్దమనుషులు బావిలో బుడగలు వదులుతుంటే, కూలి ఆడవాళ్లు పని ఆపి వచ్చి చూసేవాళ్లు. నాకు నామోషీ అనిపించింది.

"ఊపిరి పట్టుడు కాదు, ఇడుసుడు నేర్వున్రి. లోపల ఉన్నది పోతెనే కొత్తది వస్తది" అని సారు రోజూ అదే మాట. ఆ తర్వాత నీళ్ల మీద వెల్లకిలా పడుకోవడం, బోర్లా పడుకోవడం. ఆ తర్వాతే చేతులు. కాళ్లు ఎక్కువ ఆడిస్తే కోప్పడేవారు. "కాళ్లను దాసిపెట్టు. బయట సైకిలు నిలబడి ఉంది నీకోసం" అనేవారు.

నా ఈత చూసి ఒకరోజు, "పటేలా, మీరు ఈదుతలేరు, నీళ్లతోని కొట్లాడుతున్నరు" అన్నారు.

"అరవై ఏండ్ల సంది కొట్లాడుతున్న. గెలుస్తనే ఉన్న" అన్నాను.

కానీ అబద్ధం చెప్పను. బావికి ఈ దరి నుంచి ఆ దరికి పోయి రావడానికి ఫోర్‌మన్ మొదట నలభై బారలు వేసేవాడు, వేసి రొప్పేవాడు. నాలుగు నెలలకు ఇరవై ఆరు బారల్లో వచ్చి, గట్టెక్కి మామూలుగా మాట్లాడాడు. అది నా సొరకాయతో అయ్యే పని కాదు.

బావికి గోడ ఉంటుంది. భయమైతే చెయ్యి చాపితే రాయి దొరుకుతుంది. పందెం మాత్రం గోడలేని నీళ్లలో. అందుకని ఆదివారం ఆదివారం వాగు మీద కట్టిన ప్రాజెక్టు నీళ్లకు తీసుకుపోయేవారు. మొదటిసారి ఫోర్‌మన్ నడి నీళ్లలో ఆగిపోయాడు. గట్టు మీద నాకు వినబడేటంత గట్టిగా అరిచాడు.

"సారూ, అడుగు కనబడతలేదు!"

"కనబడి ఏం జేస్తవు? అడుగుల మీ మామ గిట్ల ఉన్నడా? వెల్లకిల తిరుగు. తిరిగినవా? ఇప్పుడు మీ ఇంట్ల ఎందరున్నరో పేర్లు చెప్పు."

ఫోర్‌మన్ ఏడుపు గొంతుతో పేర్లు చెప్పాడు. అమ్మ, భార్య, ఇద్దరు బిడ్డలు, చివరికి మేకపోతు పేరు కూడా. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. నోట మాట వస్తే ఊపిరి బయటికి పోతుందట, అందుకని అడిగారట. అది సారు కిటుకు. "లోతు ఎంతున్నా నువ్వు ఈదేది మీద ఉన్న జానెడు నీళ్లలనే" అని ఆ రోజు చెప్పారు. తల మొత్తం ఎత్తకుండా కళ్లు మాత్రం నీళ్ల పైకి తెచ్చి, దూరంగా నీళ్లలో ఉన్న పంపుహౌసు తెల్లగోడ చూసుకుంటూ వంకర పోకుండా ఈదడం కూడా అక్కడే నేర్పారు. ముగ్గురిని పక్కపక్కనే ఆనించి ఈదించి, ఒకరి చెయ్యి ఒకరికి తగిలినా బెదరకుండా చేశారు. భయం ఉందని చెప్పుకున్నవాణ్ని మెచ్చుకునేవారు. "భయం లేనోనితోనే నాకు ఫికర్" అనేవారు.

నీళ్లలో దిగే ముందు ఆయనకు రెండు అలవాట్లు. దోసిలితో మెడ మీద, రొమ్ము మీద నీళ్లు చల్లుకునేవారు, ఒళ్లు ఉలిక్కిపడకుండా. చెప్పులు విడిచి, ముక్కులు రోడ్డు వైపు తిప్పి పెట్టేవారు. "బయటికొచ్చేటోడు చెప్పులు గిట్ల పెట్టాలె" అని అందరి చేతా అట్లాగే పెట్టించేవారు.

ఇంకో నియమం కూడా ఉంది. గట్టు మీద ఒక మనిషి కూర్చోవాలి. ఈదకూడదు, ఫోను చూడకూడదు. దిగిన ఒక్కొక్కరికి ఒక గులకరాయి తువ్వాల మీద పెట్టాలి. వచ్చిన ఒక్కొక్కరికి ఒక రాయి తీయాలి. తువ్వాల ఖాళీ అయ్యేదాకా లేవకూడదు. ఆ మనిషిని నేను. పక్కన తాడు, లారీ ట్యూబు, ఈల. నాలుగేళ్లు కూర్చున్నాను. జొన్నకోతలప్పుడు కూడా మానలేదు.

మొదటి రోజే ఏడు రాళ్లు పెట్టాను. సారు ఒకటి తీసి పారేశారు.

"నన్నెందుకు పెడుతున్నరు పటేలా? నేను లెక్కల లేను. నేను వాళ్ల కోసం దిగుతున్న."

సరే అన్నాను. ఆయన దిగాక ఏడో రాయి మళ్లీ పెట్టాను. ప్రతి ఆదివారం అట్లాగే పెట్టాను. నీళ్లకు ఎవరు సారో ఎవరు శిష్యుడో తెలుస్తుందా?

మూడేళ్ల కింద ఒక ఆదివారం, గడియారం పెట్టి పందెంలాగా ఈదించారు. డాక్టరమ్మ అందరికంటే ముందు పోతోంది, అంత బాగా ఆమె ఎన్నడూ ఈదలేదు. నేను తలకాయలు లెక్కపెట్టాను. ఆరు. మళ్లీ లెక్కపెట్టాను. ఆరే. సారు కనబడలేదు. ఈల ఊదాను, అరిచాను, ధోతితోనే నీళ్లలో దూకాను. అందరూ ఈత ఆపేశారు. సారు పంపుహౌసు గోడ వెనక నుంచి తాపీగా తేలుతూ వచ్చారు. వాళ్లు కళ్లెత్తి దారి చూసుకుంటున్నారా లేదా అని అక్కడి నుంచి చూస్తున్నారట. పందెం పాడైంది. గట్టెక్కి నీళ్లు తుడుచుకుంటూ అన్నారు.

"ఆరు దాకా లెక్క రాదా పటేలా మీకు? నన్నెవరు లెక్కపెట్టుమన్నరు?"

అందరూ నవ్వారు. సారు బతికి వచ్చారు గనక తప్పు నాదైంది. నేను తువ్వాల దులిపి భుజాన వేసుకుని నడిచి వచ్చాను. మళ్లీ పోలేదు.

ఆయన రెండుసార్లు చేనుకు వచ్చారు. ఒకసారి జొన్నరొట్టె పెడితే తిన్నారు, అల్లం ధర అడిగారు, చెరకు సంగతి అడిగారు, తప్పయిందని అనలేదు. నేనూ రానని అనలేదు, వస్తానని అనలేదు. చివరిసారి మేము కలిసింది పోయిన నెల. రోడ్డు మీద హోటల్లో చాయ్ తాగుతుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నారు. చిక్కిపోయి ఉన్నారు. రొమ్ము రుద్దుకుంటున్నారు.

"గట్టు ఖాళీగున్నది పటేలా."

"లెక్కొచ్చినోళ్లను కూసోబెట్టున్రి సారూ."

చాయ్ సగం వదిలి లేచి పోయారు. మా ఇద్దరి మధ్య అదే ఆఖరి మాట. దాన్ని నేను ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

నేను మానేశాక ఆ ఆరుగురే వంతు వేసుకున్నారు. ఒకరు గట్టు మీద, ఐదుగురు నీళ్లలో. పోయిన ఆదివారం ఐదుగురు దిగారు. సారు దిగారు. తువ్వాల మీద ఐదు రాళ్లు. ఐదుగురు తిరిగి వచ్చారు, ఐదు రాళ్లు తీశారు, తువ్వాల ఖాళీ అయింది. గట్టు మీద మనిషి "అందరొచ్చిన్రు" అని లేచాడు. చాయ్ పోసుకున్నారు. ఎవరి చెప్పులు వాళ్లు తొడుక్కున్నాక ఒక జత మిగిలింది. అప్పుడు డాక్టరమ్మ, "సారేడి?" అంది. ఇదంతా ఆమె చెప్పిందే. గట్టు మీద ఎవరున్నారంటే మాత్రం చెప్పలేదు. "పేరు చెప్తే ఏమొస్తది కాకా, గుండె ఆగింది. దవాఖానల అదే అన్నరు" అంది. ఫోర్‌మన్‌ను అడిగితే, "పరేషాన్ల యాదికి లేదు కాకా" అన్నాడు. మేకపోతు పేరు యాదికున్నవాడికి ఇది యాదికి లేదు!

ఊళ్లో మాత్రం ఈత సారే మునిగి చచ్చాడని నవ్వుతున్నారు. నవ్వేవాళ్లకు జవాబు నేను చెప్పుకుంటాను. నన్ను కాలుస్తున్నది అది కాదు.

మూడో రోజు సారు ఇంటికి పోయాను. వాళ్ల ఇల్లాలు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"పటేలా, మీరున్నరు గదా గట్టు మీద. నీళ్లల్ల ఎంతసేపున్నడు? ఎంటనే బయటికి గుంజిన్రా?"

సారు ఆమెకు చెప్పనే లేదు. మూడేళ్ల నుంచి ప్రతి ఆదివారం పోయేటప్పుడు, పటేల్ ఉన్నడు, ఫికర్ జేయకు అని చెప్పి పోయేవారట. నన్ను ఆరుగురి ముందర లెక్క రానివాడినన్న మనిషి, ఇంట్లో నా పేరు చెప్పి ఆమెను నిమ్మళంగా ఉంచాడు. తల ఊపానో ఊపలేదో కూడా తెలియదు. బయటికి వచ్చేశాను. ఆమె ఇప్పటికీ నేను గట్టు మీద ఉన్నాననే అనుకుంటోంది.

అందుకని ఇక్కడ, అందరూ చదివే చోట రాస్తున్నాను. అమ్మా, ఆ రోజు నేను అక్కడ లేను. పౌరుషానికి ఇంట్లో కూర్చున్నాను. ఉంటే ఏడోవాణ్ని లెక్కపెట్టేవాణ్ని. బతికేవారని అనను, గుండె సంగతి నాకు తెలియదు. కానీ అందరూ గట్టు మీద చాయ్ తాగుతుంటే సారు నీళ్లలో ఉండిపోయేవారు కాదు.

సారూ, మీదీ తప్పే. నన్ను లెక్కపెట్టకండి అని మీరే నేర్పారు. నేర్పినట్టే చేశారు వాళ్లు. పోయిన మనిషిని ఇంతకంటే అనను. మనుషులకు భయం పోగొట్టిన చేతులు మీవి. మీరు చెప్పిన మాట ఒక్కటి తప్ప అన్నీ మంచివే.

ఇక ఆరుగురికి. నేను పోలీసును కాను, పంచాయితీ పెట్టను. గట్టు మీద కూర్చున్న మనిషిని ఒక్క మాట అనను. అనడానికి నాకు మొహం లేదు. కానీ ఆమె అడిగింది చిన్న ప్రశ్న, ఎంతసేపు అని. పది నిమిషాలా, అరగంటా? ఆఖరిసారి సారు తల ఎక్కడ కనబడింది? ఆ సంగతి ఒక్కరికే తెలుసు. మిగతా ఐదుగురికి ఆ ఒక్కరెవరో తెలుసు.

నెలమాసికం నాడు పొద్దున్నే పోయి నేను సారు ఇంటి అరుగు మీద కూర్చుంటాను. లోపల విస్తరి వేసేలోపు ఆ మనిషి వచ్చి ఆమె ముందర నిలబడి చెప్పాలి. రాకపోతే నేనే లోపలికి పోయి, మీ ఆయన ఎంతసేపు ఉన్నడో ఎవరూ చూడలేదమ్మా అని చెప్పాల్సి వస్తుంది. ఆ మాట నా చేత చెప్పించకండి. నెలమాసికం దాకా గడువు. జవాబు కావాలి.