ఎర్సీలియా ముక్కు

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ ఊళ్ళో సంవత్సరాలకు పేర్లు పెట్టింది ఎర్సీలియా ముక్కే. జూన్‌లో సాన్ జొవాన్ని పండగ భోజనాల దగ్గర వెర్దిక్కియో అనే తెల్ల వైన్ కొత్తది మొదటి సీసా తెరుస్తారు. ఆమె వాసన చూసి ఒక్క మాట అంటుంది. ఆ మాటే ఆ ఏడాది పేరు. కూతురు పుట్టింది సోంపు ఏట, మామగారు పోయింది తడిరాయి ఏట అని చెప్పుకుంటారు మోంతె సెర్రా ఊరి జనం. ఆమె నోరు విప్పేదాకా ఎవరూ గ్లాసు ముట్టరు. అదీ ఆమె దర్జా!

ఊరి ద్రాక్ష రైతుల సహకార సంఘంలో ఏ తొట్టిలోని వైన్ సీసాలకెక్కాలో తేల్చేదీ ఆమే. పెళ్ళి చేసుకోలేదు. "నా ముక్కుకి నచ్చిన మగాడు దొరకలేదు" అని నవ్వేది.

అలాంటి మనిషికి ఫిబ్రవరిలో జ్వరం వచ్చింది. వారంలో తగ్గింది గానీ, పోతూ పోతూ ఆ ముక్కునే పట్టుకుపోయింది. ఒక పొద్దున కాఫీ మాడి, పొగకు కళ్ళు మండేదాకా ఆమెకు తెలియనే లేదు. ఆ రోజు పట్టుకున్న భయం మళ్ళీ వదల్లేదు. గ్యాస్ సిలిండర్ కట్టేసి, ఇల్లు కదిలే ముందు మూడుసార్లు తిప్పి చూసుకునేది. పోనీ ఎవరికైనా చెబుదామా అంటే, వాసన తెలియని ముక్కు సంఘానికెందుకు? ఆ పని తప్ప ఆమెకు ఇంకేముంది?

అందుకని దొంగాట మొదలుపెట్టింది. సంఘం మేస్త్రి క్వింతో ఆమెతో పాటే రుచి చూస్తాడు. బాగుంటే అతని ఎడమ కనుబొమ్మ లేస్తుంది. ఏప్రిల్‌లో రెండో తొట్టి దగ్గర ఆ కనుబొమ్మ లేచింది. "ఇదే" అనేసింది ఎర్సీలియా. ఆరు వేల సీసాలు నింపారు. ఊరంతటి ఏడాది కష్టం అది.

పండగ రోజు మల్బరీ చెట్ల కింద బల్లలు వేశారు. ఆలిచిప్పలు, సోంపాకు వేసి వండిన కుందేలు, నలభై మంది జనం. ఎర్సీలియాకు ఒకటే బెంగ: ఏ మాట అనాలి? సీసా పట్టుకొస్తున్న క్వింతోను పక్కకు లాగింది.

"ఈ ఏడు ఏమందాం? నీకేం తోస్తోంది?"

అతని మొహం పాలిపోయింది. "నన్నడుగుతావేంటి? ముక్కు నీది కదా!"

"ఊరికే, చెప్పవయ్యా."

"ఎర్సీలియా, ఎవరితోనూ అనకు. నాకు వాసన తెలియక నాలుగేళ్ళయింది. నువ్వు పెదవి ఎలా పెడితే నేను కనుబొమ్మ అలా లేపేవాణ్ణి."

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. నువ్వొకందుకు పోస్తే నేనొకందుకు తాగానన్నట్టు, ఇతను ఆమె పెదవి చూశాడు, ఆమె ఇతని కనుబొమ్మ చూసింది. మరి రెండో తొట్టిని ఎంచిందెవరు? ఎవరూ కాదు!

"నాదీ పోయిందయ్యా" అంది గొణుగుతూ. క్వింతో సీసా కేసి చూశాడు. "కొంప మునిగిందే! కుళ్ళిన గుడ్డు కంపు కొడితేనో?"

జవాబు చెప్పే వ్యవధి లేదు. గ్లాసు చేతికొచ్చింది. ఒక గుక్క తాగింది. జిల్లుమంది, పుల్లగా తగిలింది, చివర పచ్చి బాదం చేదు. నాలుకకు ఇవన్నీ తెలిశాయి. కంపు సంగతి నాలుకకెలా తెలుస్తుంది?

"చెప్పవే, చిప్పలు చల్లారిపోతున్నాయి!" అని అరిచింది అర్జియా. ఎర్సీలియా పై వాటాలో ఉండే ఎనభై నాలుగేళ్ళ ముసలమ్మ, నోరు మహా పదును.

సోంపు అనేస్తే పోయేది. కానీ అది కంపు కొడుతుంటే, ఆ తర్వాత నలభై మంది మొహాలు ఎలా చూడాలి? గ్లాసు కింద పెట్టింది.

"నేను చెప్పలేను. ఫిబ్రవరి నుంచి నా ముక్కు పనిచెయ్యట్లేదు. ఆ తొట్టిని గుడ్డిగా ఎంచాను. మీరే చూసి చెప్పండి." క్వింతో పేరెత్తలేదు.

నలభై తలలు గ్లాసుల మీదకు వంగాయి. దేవుడా, ఎంతసేపు!

"నిమ్మపూత" అన్నారెవరో.

"నీ మొహం! పచ్చి ఆపిల్."

"ఎండుగడ్డి రా, ఎండుగడ్డి!"

వాదులాట లేచింది. కంపన్నవాడు ఒక్కడూ లేడు. తాగి మళ్ళీ పొయ్యమంటున్నారు. ఎర్సీలియా బెంచీ మీద కూలబడింది.

అర్జియా మాత్రం గ్లాసు ముట్టలేదు. ఆమెనే చూస్తోంది.

"అందుకా, నాలుగు నెలలుగా నీ వంటింట్లోంచి ఉల్లిపాయ వేగిన వాసన పైకి రాలేదు? పిసినారిదానివైపోయావనుకున్నానే! ఏం తింటున్నావు?"

"రొట్టె, చీజు."

"పొయ్యి?"

"వెలిగించాలంటే భయం పిన్నీ. గ్యాస్ లీకైనా నాకు తెలియదు. ఇంట్లో నేనొక్కదాన్నే."

ఆ మాట పైకి అనడం అదే మొదలు. ఏడుపు ముంచుకొచ్చింది.

అర్జియా కుందేలు కూర పళ్ళెం ఆమె ముందుకు తోసింది. "వేడి మీద తిను. రేపట్నుంచి పొయ్యి వెలిగించే ముందు చీపురుకర్రతో పై కప్పుకి కొట్టు. దిగొచ్చి వాసన చూస్తాను. నా ముక్కుకీ ఎనభై నాలుగేళ్ళొచ్చాయి, ఎన్నాళ్ళుంటుందో తెలీదు. అందాకా వండుకుని తిను."